ఒకటో దెబ్బ దేవునిది

మా మేనమామ సూటు వేసుకున్నాడంటే ఊళ్ళో ఎవరిదో పెళ్ళి అయినా ఉండాలి, చావు అయినా ఉండాలి. ఆ రోజు రెండూ లేవు. అయినా పొద్దున్నే గడ్డం గీయించుకుని, బూడిదరంగు సూటు తొడగమని, మదనపల్లెలో మా ఇంటి వరండాలో కూర్చున్నాడు. పక్షవాతంతో ఎడమచెయ్యి పడిపోయి ఏడాది దాటింది. ఆ చేతిని కోటు చేతిలోకి దూర్చేసరికి నాకు చెమటలు పట్టాయి. నేనేమో మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరైనదాన్ని. కట్లు కట్టడం వచ్చు, బట్టలు మార్చడం వచ్చు. టై కట్టడం మాత్రం ఆయన తిట్టి తిట్టి నేర్పాడు.

"ఈ ఎండలో కోటు యాల మామా? పోయేది పుంగనూరికే గదా" అన్నాను.

"ఆ క్యాసెట్లో నేనుండాను పాపా. నన్ను నేను యినేదానికి లుంగీతో పొమ్మంటావా?"

ఆయనకు ఎనభై దాటాయి, నాకు అరవై దాటాయి. అయినా ఆయనకు నేను పాపనే.

మా మామ జాజ్ పియానో వాయించేవాడు. వాయించేవాడు అంటే ఏదో సరదాకి అనుకునేరు. ఒకప్పుడు బెంగుళూరు హోటళ్ళలో ఆయన వాయిస్తుంటే వడ్డించేవాళ్ళు పళ్ళేలు చేతిలో పట్టుకుని నిలబడిపోయేవాళ్ళట. ఇది ఆయన చెప్పింది కాదు. ఆయన చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాను. ఆయనతో డ్రమ్ములు వాయించిన స్నేహితుడు ఒకసారి మా ఇంటికి వచ్చి, మా అమ్మ పెట్టిన సంగటి తింటూ చెప్పాడు. "ఈయప్ప ఎడమసెయ్యి ఉండాదే, అట్లాటిది ఈ దక్షిణంలో ఇంకొకటి లేదు" అని. పక్షవాతం అంత పెద్ద ఒంట్లో వెతికి వెతికి ఆ చేతినే పట్టుకుంది. దేవుడి మీద నాకు కోపం వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. అందులో ఇది మొదటి వరసలో ఉంటుంది.

ఆయనకు పియానో నేర్పింది మిషన్ బడిలో ఒక దొరసానమ్మ. ఆమె నేర్పినవి ఆరాధన పాటలు. బెంగుళూరు వెళ్ళి, దండు అనే కంటోన్మెంటు ప్రాంతంలో ఎవరి దగ్గరో జాజ్ రికార్డులు విని, ఆయన చెడిపోయాడు. చెడిపోయాడు అన్నది మా అమ్మమ్మ మాట. జాజ్ అంటే ఏమిటని మా అమ్మ అడిగితే ఆయన చెప్పిన జవాబు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

"పాట తెలిసినోడు దాన్ని నేరుగా ఇంటికి తీసకపోతాడు అక్కా. బాగా తెలిసినోడు అంగడికాడ ఆపి, సేనికాడ ఆపి, కనిపించినోళ్ళనంతా పలకరించి, మల్లా ఇంటికే తీసకపోతాడు."

"నేరుగా పోతే కాళ్ళు నొస్తాయా?" అంది మా అమ్మ.

హోటళ్ళవాళ్ళు మనుషుల్ని మానిపించి టేపులు పెట్టుకున్న రోజుల్లో మామ ఒక ట్రంకుపెట్టె, ఒక సూటుతో మదనపల్లె తిరిగొచ్చాడు. అప్పటికి ఆయనకు పెళ్ళి కాలేదు. నేనప్పుడే నర్సు ట్రైనింగు ముగించాను. మేనమామ ఇంట్లో ఉండగా బయట సంబంధాలు వెతకడం దేనికని మా అమ్మమ్మ మా ఇద్దరికీ ముడిపెట్టాలని చూసింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "తాళం రాని పిల్లను నేను సేసుకోను" అన్నాడు. నేను ఆ రాత్రి సంతోషంతో కడుపునిండా తిన్నాను. కానీ ఆ కారణం మాత్రం ముల్లులా గుచ్చుకుంది. వయసని చెప్పొచ్చు, చదువని చెప్పొచ్చు. తాళమేమిటి?

నిజానికి ఆయన అన్నది అబద్ధం కాదు. అది తెలిసింది చర్చిలో.

చర్చిలో దొరసానమ్మ కాలంనాటి పియానో ఒకటి ఉండేది. దాని ముందు ఈయన్ని కూర్చోబెట్టారు. మొదటి ఆదివారమే ఒక పెద్దాయన "ఇది హోటలు వాయింపప్పా" అని మొహం ముడుచుకున్నాడు. ఒక పెళ్ళిలో మామ పెళ్ళికూతురు నడిచి వచ్చే పాట మొదలుపెట్టి, పాటను అంగళ్ళన్నీ తిప్పుతూ ఆమె వచ్చి నిలబడ్డాక కూడా ఆపలేదు. పెళ్ళికొడుకు చెమట తుడుచుకుంటున్నాడు. పాస్టరుగారు గట్టిగా దగ్గారు. మామ ఆ దగ్గును పియానో మీద అచ్చం అలాగే పలికించి, ఇంకో చుట్టు తిప్పాడు. పెళ్ళికూతురు పకపకా నవ్వింది. ఆ తర్వాత మూడు ఊళ్ళలో ఎవరింట పెళ్ళయినా ఆయనే కావాలన్నారు.

మూడు ఊళ్ళంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం. మదనపల్లెలో వారం వారం, పుంగనూరులో నెలకొకసారి, కుప్పంలో క్రిస్మస్ ముందు, బస్సులో వెళ్ళి పాటల బృందాలకు నేర్పేవాడు. ఆయన పట్టుబట్టి నేర్పింది చప్పట్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టే పాటలో మనవాళ్ళు ఒకటో దెబ్బ మీద చప్పట్లు కొడతారు. జాజ్‌లో అది పనికిరాదు. ఒకటి వదిలి రెండు మీద, మూడు వదిలి నాలుగు మీద కొట్టాలి. ఎంత చెప్పినా వాళ్ళకు ఎక్కలేదు. చివరికి విసుగొచ్చి, వాళ్ళకు అర్థమయ్యే మాటలో చెప్పాడు. పంటలో ప్రథమఫలం దేవునికిచ్చే అలవాటు మా సంఘంలో అందరికీ ఉంది. మొదటి బుట్ట టమాటాలు కూడా ముందు చర్చికి వస్తాయి, తర్వాతే మార్కెట్టుకు పోతాయి.

"ఒకటో దెబ్బ దేవునిదప్పా. దాని మింద సెయ్యి ఎయ్యద్దండి. రెండోది మనది. మూడోది మల్లా ఆయనది, నాలుగోది మనది."

హోటలు వాయింపన్న పెద్దాయన లేచి నిలబడ్డాడు. "వాక్యంలో దశమభాగమని గదా ఉండాది. సగానికి సగం ఇచ్చేస్తే మనకేం మిగిలేది?"

"మిగిలిన సగం గట్టిగా కొట్టండి" అన్నాడు మామ.

అంతే, వచ్చేసింది. చర్చి మొత్తం రెండుకూ నాలుగుకూ కొట్టడం మొదలుపెట్టింది. నేనొక్కదాన్నే ఎంత బిగబట్టుకున్నా ఒకటికి కొట్టేదాన్ని. చర్చి నిశ్శబ్దంగా దేవునికి వదిలేసిన చోట టప్పుమని నా ఒక్కదాని చప్పట. పియానో బాగాలేదని అన్నాను. ఆడలేక మద్దెల ఓడంటే ఇదేనని మా అమ్మ అంది. మామ నన్ను పక్కకు పిలిచి, "పాపా, నువ్వు ప్రార్థన సెయ్యి. సప్పట్లు వాళ్ళు కొడతార్లే" అన్నాడు. అలా నేను పాటల బృందంలోంచి బయటపడ్డాను.

ఇప్పుడు మదనపల్లెలో కొత్త చర్చి కట్టారు. కీబోర్డు వచ్చింది. ఒక మీట నొక్కితే డప్పు వస్తుంది, ఇంకో మీట నొక్కితే చప్పట్లే వస్తాయి. మనుషులు చేతులు కట్టుకుని కూర్చోవచ్చు. పాత పియానో గోదాములో ఉంది. దాని మీద ప్లాస్టిక్ కుర్చీలు, క్రిస్మస్ నక్షత్రాలు పేర్చారు. పక్షవాతం రాకముందు మామ ఒకసారి వెళ్ళి చూసొచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు.

ఇలా ఉండగా బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. పాత జాజ్ కళాకారుల వాయిద్యాన్ని సేకరించి భద్రపరుస్తోందట. ఆ డ్రమ్ముల స్నేహితుడే మామ గురించి చెప్పాడట. "అందరూ అంకుల్ పేరు చెబుతున్నారు ఆంటీ. కానీ పేరు వినపడదు కదా. ఆయన వాయించింది ఒక్క నిమిషమైనా ఎక్కడైనా రికార్డయి ఉందా? లేకపోతే ఆయన గురించి నేను పెట్టడానికి ఏమీ ఉండదు" అంది.

మళ్ళీ వాయించి రికార్డు చేద్దామంటే ఆ చెయ్యి లేదు. ఒంటి చేత్తో వాయించమని నేను అంటే నా మీద విరుచుకుపడ్డాడు. "వాయించినోడు పోతే వాయించింది పోతాది. దాన్ని పట్టుకోని ఏం సేసేది?" అని వేదాంతం చెప్పాడు. ఆ తర్వాత రోజూ కాఫీ తాగుతూ, పేపరు చూస్తున్నట్టు నటిస్తూ, "ఆ అమ్మి మల్లా ఫోన్ సేసిందా?" అని అడిగేవాడు. బతికిన బతుకంతా గాలిలో కలిసిపోలేదని ఎవరైనా ఆయనకు చెప్పాలి. దానికి ఒక్క నిమిషం శబ్దం కావాలి. అది వెతికి తెచ్చే పని నా నెత్తిన పడింది. తాళం రానిదాని నెత్తిన.

నేను అందరికీ ఫోన్లు చేశాను. పుంగనూరులో ఒకామె ఇంట్లో క్యాసెట్ ఉందని తెలిసింది. అప్పట్లో ఆమె భర్త ఈస్టరు ఆరాధనలో మామ వాయించింది టేపు చేశాడట. భర్త పోయాక ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో దాచిందట. అందుకే ఆ సూటు, ఆ టై, ఆ బాడుగ కారు.

పుంగనూరు చేరేసరికి మామ కాలర్ తడిసిపోయింది. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, చీరల మధ్యలోంచి క్యాసెట్ తీసింది. నేను అడిగి తెచ్చిన టేపురికార్డరులో పెట్టాను. గరగరమని చప్పుడు. తర్వాత పియానో. ఆ ఎడమచెయ్యి! నాకే ఒళ్ళు జలదరించింది. మామ కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు మోకాలి మీద కదిలాయి.

పది సెకన్లైనా కాలేదు, పాట ఇంకా మొదటి మలుపు కూడా తిరగలేదు. టక్‌మని ఆగిపోయి, ఒక చిన్నపిల్ల గొంతు, "ఏడొకట్ల ఏడు, ఏడు రెండ్ల పద్నాలుగు" అని అందుకుంది. మధ్యలో ఒక మగగొంతు, "గట్టిగా సెప్పమ్మా, బాగా సెప్తాండావు" అంది.

ఆమె గ్లాసు కింద పెట్టి టేపురికార్డరు దగ్గరకు జరిగింది. "మా ఆయన. పాపతో ఎక్కాలు సెప్పించి టేపు సేసినాడు. దీని మిందనే సేసినాడని నాకు తెలీదప్పా. ఆయన గొంతు యిని ఎన్నాళ్ళయిందో" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. చచ్చిపోయిన మనిషి మీద కోప్పడటం ఎలాగో తెలియలేదు. మామ మాత్రం ఆ ఎక్కం పూర్తయ్యేదాకా కదలకుండా విన్నాడు. నేను క్యాసెట్ తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వాళ్ళదది. ఆడనే ఉండనీ" అని, ఆమెతో, "ఏడారులు తప్పు సెప్పింది గానీ, పాప లయ తప్పలేదమ్మా" అన్నాడు.

ఆమె ఏడుపులోనే నవ్వింది. తిరుగుదారిలో మామ కోటు విప్పించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. టమాటా లారీల వెనక గంటసేపు ఇరుక్కున్నా విసుక్కోలేదు. ఆయన విసుక్కోకపోవడం నన్ను భయపెట్టింది.

ఇక మిగిలింది కుప్పం. అక్కడ రైల్వేలో చేసి రిటైరైన ఒకాయన పెళ్ళికి మామ వాయించాడు. దగ్గుకు పియానోతో జవాబిచ్చింది ఆ పెళ్ళిలోనే. ఆ పెళ్ళికి వీడియో తీశారు. "బ్రహ్మాండంగా ఉండాది మేడమ్. ఇంటికొచ్చినోళ్ళకంతా సూపిస్తాంటాం. ఆదివారం రండి, ఆరాధన అయినాక సూద్దాం" అన్నాడు ఆయన ఫోనులో.

ఆదివారం మళ్ళీ సూటు. పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళేసరికి ఆరాధనకు ఇంకా టైముంది. "ముందు వీడియో సూద్దాం. లేకుంటే ప్రార్థనలో మనసు నిలవదు" అన్నాడు మామ. రైల్వే ఆయన భార్య ఇడ్లీ పెట్టింది. పెళ్ళయ్యాక ఆయన ఉద్యోగం వెంట ఊళ్ళు తిరిగి, రిటైరయ్యాకే కుప్పం తిరిగొచ్చారట; చర్చిలో పాటల బృందానికి వాళ్ళమ్మ తర్వాత ఇప్పుడు ఆమే పెద్ద. నవ్వితే నాకు వెంటనే గుర్తుకొచ్చింది. ఆ రోజు పాస్టరుగారి ముందు పకపకా నవ్విన పెళ్ళికూతురు ఈమే.

టీవీలో పెళ్ళి మొదలైంది. తెర మీద గులాబీలు తిరిగాయి. హృదయం ఆకారంలో పెళ్ళికొడుకు మొహం వచ్చింది. ఆ తర్వాత మామ కనిపించాడు. నల్లటి జుట్టు, ఇదే సూటు. రెండు చేతులూ పియానో మీద పరుగెడుతున్నాయి. ఎడమచెయ్యి ఆ చివరి నుంచి దూకి వస్తోంది. తల ఊగుతోంది.

వినిపిస్తున్నది మాత్రం సినిమా పాట. వానలో తడుస్తూ పాడుకునే యుగళగీతం.

"మామా," అంటూ ఇడ్లీ పళ్ళెం కింద పెట్టాను.

అప్పట్లో పెళ్ళి వీడియోలన్నీ ఇంతే. తీసినవాడు అసలు శబ్దం మొత్తం తుడిచేసి, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వేసేవాడు. పాస్టరుగారు ప్రమాణం చేయిస్తుంటే యుగళగీతం, పెద్దలు దీవిస్తుంటే యుగళగీతం. పాస్టరుగారు దగ్గారు. వినపడలేదు. మామ ఆ దగ్గును వాయించాడు. అదీ వినపడలేదు. పెళ్ళికూతురు ఎందుకో నవ్వింది.

"పాట బలే కుదిరింది గదా సార్? అందురూ అదే అంటారు" అన్నాడు రైల్వే ఆయన గర్వంగా.

ఆయన్ని అక్కడే కొట్టాలనిపించింది. ఇన్నేళ్ళుగా చూస్తున్నాడు, పియానో ముందు కూర్చున్న మనిషి వానపాట ఎలా వాయిస్తున్నాడో ఒక్కసారీ అనుమానం రాలేదు. మామ చివరిదాకా చూసి, "కుదిరింది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "అయిపోయిందిలే పాపా. ఆ అమ్మికి లేదని సెప్పేయి" అన్నాడు. గొంతు చాలా మామూలుగా ఉంది.

ఇంటికి వెళ్ళిపోదామన్నాను. వచ్చినవాళ్ళు ఆరాధనకు రాకుండా పోతే బాగుండదని వాళ్ళు పట్టుబట్టారు. చర్చిలో ముందు వరసలో కుర్చీలు వేశారు. మామ కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నేను ఫోను ఒళ్ళో పెట్టుకుని రికార్డింగు నొక్కాను. పియానో కాకపోతే కనీసం పరిచయం చేసేటప్పుడు పాస్టరుగారు మామ గురించి చెప్పే నాలుగు మాటలైనా ఆ అమ్మాయికి పంపుదామని నా ఆశ. కొండను తవ్వి ఎలుకనైనా పట్టుకెళ్ళాలి కదా.

పాట మొదలైంది. కొత్తగా వచ్చిన కీబోర్డు ఆయన మీట నొక్కాడు. యంత్రం చప్పట్లు టపటపమని ప్రతి దెబ్బ మీదా పడ్డాయి. వెంటనే పాటల బృందంలోంచి మన పెళ్ళికూతురు చెయ్యెత్తింది.

"అన్నా, ఆ సప్పట్లు ఆపు. ఈడ అట్ల కొట్టం. ఒకటో దెబ్బ దేవునిది."

కీబోర్డు ఆయన తెల్లబోయాడు. "యాడ రాసుండాదక్కా అట్ల?"

"వాక్యంలో ఉండాది. మా అమ్మ సెప్పింది. ప్రథమఫలం ఆయనది. మనకు రెండోది."

సంఘమంతా తలలూపింది. పక్కన రైల్వే ఆయన నా చెవిలో గుసగుసలాడాడు. "అది ఏ అధ్యాయంలో ఉండాదో పాస్టరుగారు ఇంకా ఎతుకుతానే ఉండారు. ముందుండిన పాస్టరుగారూ ఎతికినారు. ట్రాన్స్‌ఫర్ అయిపోయినారు గానీ దొరకలా."

నేను మామ వైపు తిరిగాను. కళ్ళు తెరిచి ఉన్నాడు.

"సెప్పమంటావా మామా, అది నువ్వు సెప్పిన మాటని?"

"వద్దు, వద్దు. వాక్యమనుకుంటాండారు. నా మాటని తెలిస్తే మానేస్తారు."

యంత్రం ఆగింది. పాట మళ్ళీ మొదలైంది. ఒకటి ఖాళీగా వెళ్ళింది. రెండు మీద చర్చి మొత్తం చప్పట ఒక్కసారిగా పడింది. ముసలివాళ్ళు, చంకలో బిడ్డలున్న తల్లులు, చెప్పులు విడిచే చోట నిలబడ్డవాళ్ళు, అందరూ. మూడు వదిలేశారు. నాలుగు గట్టిగా కొట్టారు. మిగిలిన సగం గట్టిగా కొట్టమన్నాడు కదా. ఆ చప్పట్ల మధ్య పాట అంగడి దగ్గర ఆగి, చేను దగ్గర ఆగి, హాయిగా ఇంటికి పోతోంది. పియానో ఎక్కడా లేదు. కానీ అది మా మామ వాయింపేనని తాళం రాని నాకు కూడా తెలిసింది.

మామ కుడిచెయ్యి లేచింది. ఎడమది ఒళ్ళో అలాగే పడి ఉంది. ఒంటి చేత్తో చప్పట్లు మోగవు. ఆ చెయ్యి గాలిలో ఏం చేయాలో తెలియక నిలబడింది. నేను తట్టుకోలేక నా అరచేయి ఆయన ముందు పెట్టి, ఆయన చేతి మీద టప్పుమని కొట్టాను. ఒకటి మీద.

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అది మనది కాదు పాపా" అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "ఇప్పుడు" అని అరచేయి నాకు అందించాడు. ఆ పాట అయ్యేదాకా చెయ్యి లాక్కుంటూ, అందిస్తూ, నా చేత కొట్టించాడు. కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. ఉన్న ఒక్క చెయ్యీ పనిలో ఉంది.

ఫోనులో పడింది బెంగుళూరు అమ్మాయికి పంపాను. ఆమె సాయంత్రానికల్లా ఫోన్ చేసి, "ఆంటీ, ఇది ఎవరు నేర్పారు వీళ్ళకి?" అని అడిగింది. చెప్పాను. ఇప్పుడు ఆమె దగ్గర మామ పేరు కింద అదొక్కటే ఉంది. మామ రోజూ పొద్దున గడ్డం గీయించుకున్నాక దాన్ని పెట్టమంటాడు, ఆరంభం నుంచి పెట్టమంటాడు. సంఘం వదిలేసిన ఖాళీలో టప్పుమని ఒక్క చప్పట పడుతుంది, వెంటనే "అది మనది కాదు పాపా" అని ఆయన గొంతు వినిపిస్తుంది. ఆ చప్పట నాది.